కటింగు మిషను కొందామన్నది ఎవరంటే

అమ్మకు నమస్కారం. నేను బాగున్నాను, వేళకు తింటున్నాను. అక్కా, పసివాడూ, నువ్వూ అలాగే ఉన్నారనుకుంటాను. ఈ ఉత్తరం చదివిపెడుతున్న టీచరుగారికి కూడా నమస్కారాలు.

పసివాడు రాత్రంతా నిద్రపోనివ్వడం లేదని రాయించావు. నీ పోలికే, తను మేలుకుంటే ఇల్లంతా మేలుకోవాలి. నా దగ్గు తగ్గింది. గది కప్పు మాత్రం ఇంకా కారుతూనే ఉంది.

నాన్నా మామయ్యా పనిచేసిన ప్రెస్సు మూసేస్తున్నారు. పాత సమావేశాల పుస్తకాల్లో ఏవి ఉంచాలో, ఏవి తుక్కుకు వెయ్యాలో చూడమని మామయ్య పిలిచాడు. "నాకు చూపు ఆనడం లేదే. మన ఇంట్లో బడి మొహం చూసినదానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

యజమాని లేకుండా పనివాళ్లే నడుపుకున్న ప్రెస్సు కదా, సమావేశాల్లో ఎవరేమన్నా ఉన్నదున్నట్టు రాసుకునేవారు. ఇష్టంలేనివాడు తన పనిముట్టు బల్లమీద పెట్టేవాడు. దాన్ని మళ్లీ తీసుకునేదాకా ఆ పని ఆగాల్సిందే.

నాన్న చేతిని, చేతి వెంటే నాన్ననూ తీసుకుపోయిన ఆ కటింగు మిషను కొందామన్నది ఎవరో చూడమన్నావు. "నా తమ్ముడే అయ్యుంటాడు" అన్నావు.

టీచరుగారూ, ఇక్కడ కాస్త ఆగి అమ్మను కూర్చోమనండి.

కొందామన్నది నాన్నే, అమ్మా. ఆ పాత మిషను వద్దని మామయ్య అక్షరాలు పేర్చే తన స్టిక్కు బల్లమీద పెట్టేశాడు. నాన్న మాటలు రాసి ఉన్నాయి: "ఒరేయ్ బావమరిదీ, తియ్యరా బాబూ! కాగితాలు చేత్తో కోసి కోసి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోతున్నారు. మీ అక్క మొహం మరిచిపోతే నువ్వు చూపిస్తావా?" అందరూ నవ్వారని కూడా రాశారు. మామయ్య స్టిక్కు తీసుకున్నాడు.

ఏడుపు రాలేదు. చేతులు కడుక్కుని, డబ్బాలో తెచ్చుకున్నది తిన్నాను. రుచి తెలియలేదు. మిగతా కట్టలు సర్దాను. ఇంకా అలాగే ఉన్నాను.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు మామయ్యా?" అన్నాను.

అతను తాడు ముడివేస్తూ, "పోయినవాణ్ని తిట్టలేక అక్కకు పిచ్చెక్కేది. నేనైతే బతికున్నాను కదా, నాలుగు తిట్లు తింటే అరక్కపోతాయా? ఆ పుస్తకం తుక్కులో వెయ్యి" అన్నాడు. వెయ్యలేదు.

ఇంతసేపూ రాయనిది ఒకటుంది. నిన్ను అడక్కుండానే ఆదివారం నాతో మన ఇంటికి రమ్మని మామయ్యను పిలిచాను. నీకు అంతా రాసేస్తున్నానని కూడా చెప్పాను. వస్తానన్నాడు. నువ్వు తలుపు వేసేస్తావని కాదు మామయ్య భయం, అది అలవాటే. నిజం తెలిశాక ఏమీ అనకుండా ఊరుకుంటావని.

అందుకని, అమ్మా, గుమ్మంలో కనబడగానే ఏదో ఒకటి తిట్టు.

ఇట్లు,
నీ చిన్నకూతురు