ఈశాన్యం మూలకు మెత్తని నీళ్ళు

నా జుట్టు కోసం కొన్న నీళ్ళ మిషన్‌ను లెట్రిన్ పైపుకు పెట్టిపిచ్చినవ్, పరుశురాం మామా. బోరు నీళ్ళకు తల బోడి అయితున్నదని, యూట్యూబ్ చూసి, పర్వత్ పాటియా బజార్ల దుకాణాలన్నీ తిరిగి, నీళ్ళను మెత్తగ చేసే ఆ సాఫ్ట్‌నర్ తెచ్చిన. మగ్గాల డ్యూటీ ఉండి, పెట్టిపిచ్చే పని నీకు చెప్పుడే నా తప్పు.

"నీళ్ళ మిషన్ ఈశాన్యంల లేకుంటే మా అల్లునికి పెండ్లి కాదు" అన్నవట. ఆ మూలకు పోయేది ఒక్క లెట్రిన్ పైపే అని ప్లంబర్ మొత్తుకున్నా ఇనలే. కొబ్బరికాయ కొట్టి మీ కిమ్ ఊరికి పోయినవ్, ఫోన్ ఎత్తుతలేవ్. అందుకే అటు వచ్చే టెంపో డ్రైవర్ చేతికి ఈ కాయితం ఇచ్చిన.

నా స్నానం ఇంకా ఆ బోరు నీళ్ళతోనే. మెత్తని నీళ్ళన్నీ ఫ్లష్‌కు. లెట్రిన్ తళతళ మెరుస్తున్నదని ఇంటి ఓనర్ కాకా బిల్డింగోళ్ళను పిలిచి చూపిస్తుండు. నీళ్ళు మెత్తగయ్యేటందుకు మిషన్‌ల ఉప్పు పోసేది మాత్రం నేను!

ఆదివారం పిల్ల జమున, వాళ్ళ నాయిన నన్ను చూడ వస్తుండ్రు. ఉన్న నాలుగు వెంట్రుకలన్న మంచి నీళ్ళతో కడుక్కోవాలె. శనివారం పొద్దుగూకేలోపు వచ్చి పైపు మార్పియ్యి. వస్తవో రావో శుక్రవారంలోపు చెప్పు. రాకుంటే పిల్ల నాయినకు నా తల చూపియ్య, లెట్రిన్ చూపిస్త. పక్కన నిలబడి వాస్తు నువ్వే చెప్పాలె.