జత విడిపోయిన చంద్రయాత్ర తొడుగులు

పళ్ళ డాక్టరునైన నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో రాసుకుంటున్న వీలునామా ఇది. "ఈయనకి అంతరిక్షం పిచ్చి పట్టింది" అని నా భార్య చుట్టాలందరికీ చెప్పుకున్న మాటను, నాకు మతిస్థిమితం లేదనడానికి రుజువుగా తీసుకోరాదు. దీని అమలు బాధ్యత మా వకీలుగారిది.

1. ఇల్లు నా భార్యకు చెందును. పడగ్గదిలోని తొలి వ్యోమగాముల ఫొటోలు తీసేసి, గోడకు ఆమె ఎన్నాళ్ళుగానో కోరుతున్న రంగు వేయించుకోవచ్చు.

2. క్లినిక్కు, అందులోని వ్యోమగాముల శిక్షణ కుర్చీతో సహా, నా కూతురికి చెందును. ఆ కుర్చీ ఎక్కాక పన్ను పీకించుకోకుండా పారిపోయిన రోగి లేడు. దాని బెల్టులు అలాంటివి.

3. తొలి అంతరిక్ష యాత్రల కోసం తిండి నింపిన ట్యూబు ఒకటి నా దగ్గర ఉండేది. చుట్టపుచూపుగా వచ్చిన నా బావమరిది దాంతో పళ్ళు తోముకున్నాడు. అదీ పళ్ళ డాక్టరు ఇంట్లో! పైగా, "బావా, ఈ పేస్టుకి నురగ రావట్లేదు" అని నాకే ఫిర్యాదు. అంత పాత సరుకు నోట్లో పెట్టుకున్నా అతనికేమీ కాలేదు. పాపి చిరాయువని ఊరికే అనలేదు. ఆ ఖాళీ ట్యూబు అతనికే చెందును. చూసినప్పుడల్లా సిగ్గుపడాలని నా కోరిక. ఆశ మాత్రం లేదు.

4. చంద్రుడి మీద నడక సాధన చేసేటప్పుడు వ్యోమగామి ఒకరు తొడుక్కున్న చేతి తొడుగుల జతను మా నాన్న వేలంలో కొన్నారు. నాన్న పోయాక పంపకాలకు కూర్చున్న పెదనాన్న, గిన్నెలూ మంచాలూ పంచిన ఊపులో, ఎడమది నాకూ కుడిది మా చెల్లికీ పంచేశారు. రేపు తననెవరూ మాట అనకూడదట. జత నాకివ్వమంటే నాకివ్వమని ఇద్దరం పట్టుబట్టాం. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. చూడవచ్చిన ప్రతివాడూ "రెండోది ఏదండీ?" అని అడిగి నా ప్రాణం తీశాడు. కోపం ఎప్పుడో చల్లారింది. ముందెవరు పలకరించాలన్నదే తేలలేదు. నాకు చెల్లి కావాలి. నా ఎడమ తొడుగు, ఏ షరతూ లేకుండా, ఆమెకు చెందును.

5. సంతకాల వేళ చేర్చినది: నా కూతురు కబురు చేస్తే మా చెల్లి వచ్చింది. రెండో సాక్షి జాడ లేకపోవడంతో సంతకం తానే పెడతానంది. సాక్షి సంతకం పెట్టినవారికి ఇందులో రాసిందేదీ దక్కదని వకీలుగారు హెచ్చరించారు. ఆమె నా వైపు చూడకుండా, "దక్కకపోతే పోయింది. మా అన్నయ్యకి సాక్షి దొరక్కపోవడమేంటి, పెన్ను ఇలా ఇవ్వండి" అంది. సంచిలోంచి కుడి తొడుగు తీసి మేనకోడలి చేతిలో పెట్టింది. కనుక నాలుగో అంశం రద్దు. ఎడమది కూడా నా కూతురికే చెందును. ఈ జతను ఇకపై ఏ పెద్దమనిషీ పంచరాదు.

తేదీ: మార్చి పద్నాలుగు, ఆదివారం

సంతకం: పళ్ళ డాక్టరు

సాక్షులు:
ఒకటి, వకీలుగారి గుమాస్తా.
రెండు, నా చెల్లెలు. సిరా అలుక్కుపోయింది చెయ్యి చెమట పట్టడం వల్లేనని రాయమంది. రాశాను.