లోపలికి తెరుచుకునే తలుపు

మార్చి 3, సోమవారం

బాత్రూం మూడున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. వంటగది దానికన్నా ఒక్క అడుగు ఎక్కువ. ఇలాంటివే నాకిష్టం. పెద్ద గదులు ఎవడైనా చేస్తాడు. నా వడ్రంగం బడిలో నేర్చుకున్నది కాదు, రైలు పెట్టెల్లో మడిచే బెర్తులు చూసి నేర్చుకున్నది. ఒకసారి బెర్తు కింద దూరి గొలుసు కొలుస్తుంటే టికెట్ కలెక్టరు దొంగననుకుని కాలు పట్టి లాగాడు. ఆ కథ మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

ఫ్లాటు ఆ అమ్మాయిది, వాళ్ళమ్మ ఇచ్చి పోయింది. ఇంట్లోనే మిషను కుడుతుంది. మొగుడు గోడౌన్‌లో సూపర్‌వైజరు. నవ్వు మొహం, పెద్ద చేతులు. ఇల్లు ఇరకటం ఆలు మర్కటం అంటారు కదా పెద్దాయనా, ఇరకటం సంగతి మీరు చూడండి, మర్కటం సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. నేనూ నవ్వాను.

పాత వాష్‌బేసిన్ విప్పడానికి స్పానర్ వెతుకుతుంటే, అతనే నా సుత్తి లాక్కుని నాలుగు దెబ్బల్లో ముక్కలు చేశాడు. ఒక పెంకు నా చెవి పక్కనుంచి పోయింది.

ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. బాత్రూం తలుపు ఇప్పుడున్నట్టే లోపలికి తెరుచుకోవాలట. తలుపు తిరగడానికే నాలుగు చదరపు అడుగులు దండగ అని సుద్దముక్కతో నేల మీద గీసి మరీ పాఠం చెప్పాను. అలవాటు బాబాయ్ గారూ, అంది. అలవాట్లకి చదరపు అడుగులు ఇవ్వలేనమ్మా అన్నాను. ఆ మాట నాకే నచ్చింది. అందుకే రాసుకున్నాను.

మార్చి 5, బుధవారం

పొద్దున్నుంచీ పగలగొట్టుడే. టైల్సు పళ్ళు రాలినట్టు రాలాయి. తాపీ మేస్త్రి, ముప్పై ఏళ్ళుగా నాతో కలిసి దుమ్ము తింటున్నవాడు, కమోడు చూపించాడు. వెనక గోడ వైపు రెండంగుళాలు జరిగి, అడుగున సిమెంటు చిట్లి ఉంది. ఎవరో వీపు ఆనించి తోసినట్టుంది అన్నా, అన్నాడు. మలబద్ధకం అన్నాను. దగ్గొచ్చేదాకా నవ్వుకున్నాం.

పాత తలుపు విప్పాను. లోపలి వైపు అడుగున, రెండు పాదాల మేర పెయింటు అరిగిపోయి ఉంది. బయటి వైపు మూడు సొట్టలు, ఒకచోట రేకు అతికించారు. పిల్లలు తన్ని ఉంటారు అనుకున్నాను.

ఆ ఇంట్లో పిల్లలు లేరు.

కర్ర మాత్రం మంచిది. షెడ్డుకి తెచ్చుకున్నాను.

మార్చి 9, ఆదివారం

వంటగది అయింది. సింకు మీదే గిన్నెల స్టాండు, కారే నీళ్ళు కారినట్టే సింకులోకి పోతాయి. సొరుగు మీద లాగితే వచ్చే తరిగే పలక. గుమ్మం పైన డబ్బాల అర. గోడకి మడిచే బల్ల. అన్నిటికన్నా గొప్పది, అరల కింద కాలివేళ్ళు తగిలే చోట, ఎవరికీ పట్టని నాలుగంగుళాల్లో చక్రాల సొరుగు. వంగితే గాని కనపడదు.

కత్తులకి గోడ మీద అయస్కాంతం పట్టీ పెట్టాను. ఆ అమ్మాయి తీసేయమంది. కింది సొరుగులో పెట్టుకుంటుందట. పాదాల దగ్గర కత్తులేమిటమ్మా అన్నాను.

"వంగి వెతకాలి కదా బాబాయ్ గారూ. కాస్త టైం పడుతుంది."

ఆ అమ్మాయి మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ గుర్తు, పచ్చబడి. నేను స్క్రూలు లెక్కపెట్టుకున్నాను.

మార్చి 12, బుధవారం

బాత్రూంకి మడత తలుపు. పివిసి. తీస్తే గోడకి బల్లిలా అతుక్కుంటుంది. బేసిన్ మూలకి పోయింది. గోడలో గూడు తొలిచి గాజు అర పెట్టాను. మనిషి చేతులు చాపుకుని తిరగొచ్చు.

మొగుడు వేలితో నొక్కి చూశాడు. వంగింది. ఒక్క వేలికే వచ్చేస్తుందే, అని నవ్వుకుంటూ డ్యూటీకి పోయాడు.

అతని అడుగుల చప్పుడు మెట్లు దిగి వినపడకుండా పోయాక ఆ అమ్మాయి బాత్రూం లోపలికెళ్ళి, తలుపు వారగా వేసి నేల మీద కూర్చుంది. కమోడుకి వీపు ఆనించి, కాళ్ళు చాపి, పాదాలు తలుపుకి తన్నిపెట్టింది. తలుపు మడత పడి పక్కకి పోయింది. పాదాలు గాలిలో ఉండిపోయాయి.

నా వైపు చూడలేదు. లేచి, చీర దులుపుకుని, పని బాగుంది అంది.

మార్చి 13, గురువారం

మోకాలు నొప్పి. ఎక్కడికీ పోలేదు.

మార్చి 14, శుక్రవారం

మోకాలు నొప్పి లేదు. నిన్నా లేదు.

మార్చి 15, శనివారం

పాత తలుపుకి చిత్రిక పట్టాను. కొత్త బందులు, జానెడు గడియ. రేపు మేస్త్రిని తీసుకెళ్ళి మళ్ళీ లోపలికి తెరుచుకునేలా బిగిస్తాను.

మా ఆవిడ పోయి పదకొండేళ్ళు. మా వంటగదిలో పొయ్యి పక్కన ఒక మూల ఉండేది. నా చెయ్యి లేచినప్పుడల్లా అక్కడికెళ్ళి నిలబడేది. అక్కడ చెయ్యి పూర్తిగా ఊపడానికి చోటు చాలదు. ఆ మూల వృథాగా పోతోందని ఒక ఏడాది అక్కడ గుండ్రంగా తిరిగే అరల బీరువా చేసిపెట్టాను. వీధంతా వచ్చి చూసింది. నాకు పేరొచ్చింది దానితోనే.

ఆ తర్వాత ఆవిడ ఎక్కడ నిలబడిందో గుర్తులేదు.

అబద్ధం. గుర్తుంది. ఎక్కడా నిలబడలేదు.

మార్చి 16, ఆదివారం, సాయంత్రం

నేనూ మేస్త్రీ తలుపు చెరో పక్క పట్టుకుని వాళ్ళ మెట్లు ఎక్కుతున్నాం. ఏ చప్పుడు ఏ వస్తువుదో నా చెవికి తెలుసు. రెండో అంతస్తులో వినపడింది పివిసి చిరిగిన చప్పుడు. తర్వాత గాజు. తర్వాత మెత్తని చప్పుడు, నాలుగైదుసార్లు. దాని పేరూ నాకు తెలుసు, రాయను. తర్వాత కొంచెంసేపు ఏమీ లేదు. అప్పుడు చక్రాల చప్పుడు. నా సొరుగు.

మెట్లు ఎలా ఎక్కామో తెలియదు. వీధి తలుపు తీసే ఉంది. బాత్రూంలో ఆ అమ్మాయి పడి ఉంది, తల నా గూటి కింద, మూల బేసిన్‌లోంచి రక్తం నేల మీదికి కారుతోంది. మడత తలుపు చొక్కా విప్పిపడేసినట్టు పడి ఉంది. మొగుడు వంటగదిలో అప్పుడే నడుము ఎత్తుతున్నాడు, చేతిలో కత్తి. వంగి వెతికిన టైము, మేము ఒక అంతస్తు ఎక్కిన టైము, రెండూ ఒకటే.

తలుపు దించలేదు. అలాగే ముందుకు నడిచాం. అతన్ని తలుపుతో గోడకేసి నొక్కేశాం. మడిచే బల్ల విరిగింది, గిన్నెల స్టాండు అందరి నెత్తినా పడింది. ఆ ఇరుకులో అతనికి చెయ్యి ఊపే చోటు లేదు. అయినా కత్తి పక్కనుంచి వచ్చి నా మోచేతి కింద గీసింది. నడుముకి సుత్తి ఉంది. మణికట్టు మీద కొట్టాను. రెండో దెబ్బకే కత్తి పడిపోయింది. నేను కొడుతూనే ఉన్నాను. ఎముక చప్పుడు కూడా చెవికి తెలుసు.

"చాలన్నా," అన్నాడు మేస్త్రి. "ఇక అది చెయ్యి కాదు."

ఆ అమ్మాయి బతికింది. తలకి పదకొండు కుట్లు, భుజం ఎముక విరిగింది.

మార్చి 18, మంగళవారం

పోలీస్ స్టేషన్. మొగుడు లాకప్పులో, చెయ్యి కట్టులో. ఎన్ని దెబ్బలు అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. మేస్త్రి రెండన్నాడు. ఆరు అన్నాను నేను. కొలతల్లో అబద్ధం ఆడలేను. నామీదా కేసు రాసుకున్నారు. రాయాల్సిందే.

ఏప్రిల్ 6, ఆదివారం

అతను జైల్లోనే ఉన్నాడు. ఆ అమ్మాయి పిలిస్తే వెళ్ళాను. పాత తలుపు వీధి గుమ్మానికి కావాలంది. వెడల్పు చాలలేదు. గుమ్మాన్నే ఇరుకు చేశాను.

కత్తుల పట్టీ మళ్ళీ గోడకెక్కింది.

బాత్రూంకి తలుపే వద్దంది. ఒంటి చేత్తో కర్టెన్ కుట్టుకుంది. అలవాటు కొద్దీ టేపు తీశాను. కొలవడానికి ఏమీ లేదు.