పద్మకు చెప్పని మాట

సెప్టెంబరు 8, సోమవారం

ఉదయం ఆరున్నరకు మా చెల్లెలి భర్త రాంబాబు పొలంలో మోటారు దగ్గర పడిపోయాడు. మెదడులో రక్తస్రావం. రామచంద్రపురం నుంచి రాజమండ్రి ఆసుపత్రికి తెచ్చేసరికి స్పృహ లేదు. వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆపరేషన్‌ వల్ల ఉపయోగం లేదని డాక్టరు నాతోనూ, రాంబాబు వాళ్ల అన్నయ్య సత్యం గారితోనూ చెప్పారు. చెల్లెలు పద్మ అప్పుడు కింద మందుల షాపులో ఉంది.

మెట్ల దగ్గర సత్యం గారు నా చెయ్యి పట్టుకున్నారు. "మీ చెల్లెలికి చెప్పకండి బావగారూ. తట్టుకోలేదు."

మా ఇళ్లలో ఇంతే. అందరికన్నా చివర భార్యకు చెప్తారు.

ఇంజెక్షన్ మత్తులో నిద్రపోతున్నాడని పద్మకు చెప్పాం. సత్యం గారు కాదు, నేనే చెప్పాను.

సెప్టెంబరు 9

పద్మ ఇంటి నుంచి షేవింగ్ సెట్టు తెప్పించింది. "గడ్డం పెరిగిపోయింది అన్నయ్యా. లేచి అద్దం చూసుకుంటే నన్నే కసురుతారు."

పరిస్థితి విషమం — విలేకరిగా నేను ఏళ్ల తరబడి వార్తల్లో రాసిన మాట. ఇంటి మనిషి ముందు నోరు రాలేదు.

సెప్టెంబరు 10

ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాలకు తోడుగా ఉండటమే మేరీ గారి ఉద్యోగం. "ఆవిడకి ఏం చెప్పారండి?" అని అడిగారు. చెప్పాను.

"ఆవిడ గుండె ఆగిపోతుందని భయమా? ఆవిడ గుండె బాగానే ఉందండి. బాలేనిది లోపల ఆయనకి."

గొంతు పెంచలేదు. నా చేతికి టీ ఇచ్చి వెళ్లారు.

సాయంత్రం తెలిసింది... విశాఖలో చదువుతున్న కూతురు శ్రావణి బయల్దేరుతానంటే పద్మే ఆపిందట. "శనివారం పరీక్ష రాసి రా. అప్పటికి నాన్న లేచి కూర్చుంటారు."

శనివారం దాకా ఉంటాడని డాక్టరు అనలేదు.

సెప్టెంబరు 11, గురువారం

చెప్పేశాను. కారిడార్ చివరి కుర్చీల్లో. మేరీ గారు పద్మ పక్కన. డాక్టరు మాటలు, ఆయన చెప్పిన వరసలోనే. సత్యం గారు దూరంగా నిలబడ్డారు, ఆపలేదు.

పద్మ షేవింగ్ సెట్టు జిప్పు తీస్తూ, వేస్తూ...

"బావగారికి తెలుసా?"

"తెలుసు."

"నీకెప్పుడు తెలుసు?"

"సోమవారం."

పద్మ ఫోన్ తీసింది. "శ్రావణీ, పరీక్ష సంగతి తర్వాత. రాత్రి రైలుకి బయల్దేరు... నిద్ర కాదమ్మా. నాకు తప్పు చెప్పారు."

మేరీ గారు నర్సుతో మాట్లాడి పద్మను లోపలికి తీసుకెళ్లారు. ట్యూబు ప్లాస్టరు తగలకుండా ఒక చెంప గడ్డం గీసి వచ్చింది. రెండోది శ్రావణి వచ్చాకట.

వెంటిలేటర్ ఉంచాలా వద్దా — రేపు పదింటికి డాక్టరు కుటుంబంతో మాట్లాడతారు. సత్యం గారూ నేనూ వెళ్తామన్నాం.

"నేనూ శ్రావణీ వెళ్తాం," అంది పద్మ. "నువ్వూ రా అన్నయ్యా. మాట్లాడకు."

శ్రావణి రైలు తెల్లవారుజామున. స్టేషన్‌కు నేనే వెళ్లాలి.