గ్రంథాల పెట్టె

బాంకో, జూన్ నెల

ప్రభువునందు ప్రియమైన తియోమినార్ అక్కకు,

తమ్ముడు తుంపల్ వందనాలు. నీ ఉత్తరం అందిన నాటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. అమ్మ చివరిసారి మన సమోసిర్ దీవికి వచ్చినప్పుడు నీ చెయ్యి పట్టుకుని, తాను ఎక్కడ పోయినా ఎముకలు మాత్రం నాన్న పక్కకు చేర్చాలని ఒట్టు వేయించుకుందని రాశావు. యోసేపు ఐగుప్తులో తన వాళ్ళచేత వేయించుకున్న ఒట్టే కదా ఇది! ఇన్నేళ్ళు ఎందుకు దాచావక్కా?

నా సంగతి నీకు తెలుసు. నాన్న ఎముకలు తీసి వంశపు గోరీలో చేర్చిన రోజున, మేళం మధ్యలో నిలబడి, “మట్టిలో కలిసినదాన్ని మట్టికి వదలండి! పుర్రె కోసం దున్నను కోస్తారా?” అని గొంతు చించుకుని, మాంసం పంచకముందే వెళ్ళిపోయినవాణ్ణి. మళ్ళీ మన గడ్డ తొక్కలేదు. ఈ రబ్బరు తోటల మధ్య నా సంఘానికి బోధించిందీ అదే. అయినా ఒట్టు ఒట్టే. తల్లికిచ్చిన మాట మింగెయ్యమని లేఖనం ఎక్కడా చెప్పలేదు.

అందుకని ఇక్కడి అమ్మ సమాధి తవ్వాను. సంఘమంతా రబ్బరు గీతకు వెళ్ళిన వేళ, నేనూ రుస్మినా ఇద్దరమే. దొంగల్లా. నువ్వు చెప్పినట్టే నిమ్మరసం, పసుపు కలిపిన నీళ్ళతో కడిగాం. అది ఆచారం కాదు, శుభ్రం మాత్రమే అని నాకు నేను చెప్పుకుంటూ కళ్ళు మూసుకున్నాను. మీ మరదలు ఊరుకుంటుందా? “కళ్ళు తెరిస్తే పాపం, మూసుకుంటే కాదూ? నా మొహం మీద నీళ్ళు పోస్తున్నారు, కాస్త చూసి పొయ్యండి” అంది.

తర్వాతే అసలు తప్పు జరిగింది. బస్సువాళ్ళు ఎముకలు ఎక్కించుకోరు, ఇరుసు విరుగుతుందని వాళ్ళ భయం. సీటూ పెట్టెకు చోటూ మాట్లాడటానికి వెళ్ళాను. డ్రైవర్ లంబోక్ మన బతాక్ జాతివాడే. “పెట్టెలో ఏముందయ్యగారూ?” అన్నాడు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. “గ్రంథాలు. పరిశుద్ధ గ్రంథాలు. సమోసిర్ సంఘానికి.” అతను టోపీ తీసేశాడు. “అలాంటప్పుడు పైన ఎందుకు? నా వెనక సీటు పక్కన పెడదాం” అన్నాడు.

వారం తర్వాత ప్రయాణం. జవాబు దారిలో ఉన్న బుకిటింగి బస్సు ఆఫీసుకు రాయి.

అబద్ధంతో బయలుదేరుతున్న నీ తమ్ముడు,
తుంపల్


పంగురురాన్, సమోసిర్

ఒరేయ్ తుంపల్, నా ప్రియమైన ప్రసంగీ,

నీ ఉత్తరం కూడబలుక్కుని మీ బావకు చదివి వినిపిస్తుంటే నవ్వు ఆగక చంకలో బిడ్డ జారిపోబోయింది. మనవరాలేలే, పడలేదు. తన పేరు రాయడం రాని అమ్మ పరిశుద్ధ గ్రంథమైపోయిందా! ఉండుంటే నీ చెవి మెలిపెట్టి, “ఏ పేజీలో ఉన్నాన్రా?” అని అడిగేది.

ఇక్కడ అంతా సిద్ధం. గోరీలో నాన్న పక్క గూడులో కందిరీగలు చేరితే పొగ పెట్టి తోలాను. మేనమామ మంచం దిగడంలేదు గానీ భుజం మీద వేసుకునే ఉలోస్ శాలువా ఉతికించి తలగడ కింద పెట్టుకున్నాడు. పొద్దున్నే, “నా చెల్లెలు ఎందాకా వచ్చింది?” అని అడుగుతాడు. ఆయన చెయ్యి వెయ్యకుండా మనం ఏమీ చెయ్యలేమని నీకు తెలుసు. ఆలస్యం చెయ్యకు.

నువ్వు వస్తున్నావు. ఈ ముక్క రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఒక్కమాట. ఆ ఒట్టు సంగతి నలుగురిలో ఎత్తకు. అది ఆడవాళ్ళ మధ్య మాట.

దారిలో పచ్చిమిరపకాయల కూర తినకు, నీ కడుపు నాకు తెలుసు.

నీ అక్క


బుకిటింగి

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చేతికందింది. కొండచరియ జారి ముందు దారి తెగింది. లోయ అంచున బస్సు నిలబెట్టి, దారి బాగు చేసేదాకా అందరం ఎదురుచూస్తున్నాం. ఈ బుకిటింగి లోయ లోతు చూసి పిల్లలు రాళ్ళు విసిరి చప్పుడు కోసం చెవులు రిక్కిస్తున్నారు. నా లోతు ఎంతో నిన్ననే తెలిసిందక్కా.

సింగ్కరాక్ సరస్సు ఒడ్డున భోజనానికి ఆగాం. వేలెడంత చేపలు కరకరా వేయించి పెట్టారు. నా బల్ల దగ్గరికి హొత్మినా అనే ఆమె వచ్చింది. భర్త సిదెంపువాన్ జైల్లో ఉన్నాడట. “ఒక్క గ్రంథం ఇవ్వండయ్యగారూ. చదువుకుంటే మనిషి మారతాడేమో” అంది.

“పెట్టెకు మేకులు కొట్టేశానమ్మా.”

“ఒక్క మేకు పీకితే వస్తుందిగా?”

“అవి సమోసిర్ సంఘానివి.”

“ప్రభువు సమోసిర్‌కే వచ్చాడా, సిదెంపువాన్ జైలుకు రాలేదా?”

నా ప్రసంగం నాకే అప్పజెప్పింది! ఏం చెయ్యను? సంచిలోంచి నా గ్రంథం తీసి ఇచ్చేశాను. పద్దెనిమిదో ఏట కొని, దీపం బుడ్డి దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుని, అంచులన్నీ రాతలతో నింపుకున్నది. ఆమె తెరిచి చూసి పెద్దగా కేకపెట్టింది. “ఇది మీ సొంతదే! పెట్టె నిండా ఉండగా సంఘం సొత్తు ముట్టకుండా తనది ఇచ్చేశారు, చూశారా!”

బస్సు బస్సంతా లేచి నిలబడింది. ఒక ముసలాయన నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు. లంబోక్ నా కాఫీలో చక్కెర తనే కలిపాడు. అక్కా, రాళ్ళతో కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

గ్రంథం లేని చేతులతో,
తుంపల్


పడాంగ్ సిదెంపువాన్

ప్రియమైన అక్కకు,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి నన్ను నువ్వు తమ్ముడని పిలుస్తావో లేదో.

బొంజోల్ దగ్గర భూమధ్యరేఖ గీత మీద బస్సు ఆపితే, ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ పెట్టి అందరూ కేరింతలు కొట్టారు. “అయ్యగారూ, స్వర్గం అటా ఇటా?” అని లంబోక్ వేళాకోళం. ఆ తర్వాత దిగుడులో బ్రేకు పోయింది. బస్సు కొండను రాసుకుంటూ వెళ్ళి మట్టి గట్టులో ముక్కు గుచ్చుకుని ఆగింది. అంగుళం అవతల లోయ. ఎవరికీ గీత కూడా పడలేదు.

“గ్రంథాలు కాపాడాయి!” అన్నారెవరో. అంతే. ఒకరి మీద ఒకరు పడి అమ్మ పెట్టె మీద చేతులు వేశారు. పళ్ళు అమ్ముకునే మినాంగ్ జాతి ముస్లిం పెద్దాయన కూడా, “దేవుడి మాట ఎవరి పెట్టెలో ఉన్నా దేవుడి మాటే” అని అంచు తాకాడు. “ప్రార్థన చెయ్యండయ్యగారూ” అన్నారు. చేశాను. మా అమ్మ ఎముకల మీద చేతులుంచిన నలభై మందిచేత ఆమేన్ అనిపించాను.

ఎముకలకు మొక్కడం తప్పని నేను ఎవరెవరిని తిట్టలేదు! మేనమామను తిట్టాను. నిన్ను తిట్టాను. బంగారం నిప్పుల్లో వేస్తే దూడ దానంతటదే బయటికొచ్చిందని అహరోను బొంకినట్టు, నేను ఊరికే గ్రంథాలన్నాను, మిగతాది దానంతటదే జరిగిందని చెప్పుకోనా? ఇప్పుడు పెట్టెకు మందార దండ కట్టారు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ నుదురు ఆనిస్తున్నారు.

హొత్మినా ఇక్కడే దిగింది. దిగేముందు పెట్టెను ముద్దు పెట్టుకుంది. చెబుదామని నోరు తెరిచాను. “మీ కోసం రోజూ ప్రార్థిస్తానయ్యగారూ” అంది. మూసేశాను.

చెప్పెయ్యాలి. బ్రేకు పూర్తిగా బాగు చేయించేదాకా బస్సు కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుంది, ఈలోగా తారుతుంగ్ ఆఫీసుకు జవాబు రాయి. నాకు ధైర్యం చెప్పు.

తుంపల్


పంగురురాన్

ఒరేయ్,

ధైర్యం కావాలా? ఇదిగో. నోరు మూసుకుని రా.

చెబితే ఏమవుతుందో తెలుసా? నిన్నూ అమ్మనూ ఏ అడవిలోనో దింపేస్తారు. ఇక్కడ మేనమామ నిన్న గంజి కూడా పట్టలేదు. ఆయన కళ్ళు మూస్తే అమ్మను గూట్లో పెట్టే చెయ్యేదీ? నీ మనసు కడుక్కోవడానికి మా అందరినీ ముంచుతావా? తప్పుంటే దేవుడికి చెప్పుకో. ఆయన బస్సు నడపడు, దింపెయ్యడు.

అయినా ఏం పోయింది? కరువులో తన కుండలోది సగం పక్కింటికి పంపిన మనిషి మీద చెయ్యి వేశారు. కొందరు గ్రంథం చదివి కూడా అంత చెయ్యరు. ఎవరినీ ఉద్దేశించి అనడంలేదులే.

అబద్ధం మోసేవాడివి నువ్వొక్కడివేనా లోకంలో? అందరూ మోస్తున్నారు. కిందపడకుండా మోసుకు రా.

అక్క


తెలె కనుమ, కాఫీ పాక

ప్రియమైన అక్కకు,

పడేశానక్కా.

తారుతుంగ్‌లో నీ ఉత్తరం చదివి నోరు మూసుకునే కూర్చున్నాను. దొలోక్ సంగుల్ దాటాక పొగమంచు కమ్మింది. ఒక చిన్న వయసు తల్లి జ్వరంతో కాలిపోతున్న పసివాణ్ణి తెచ్చి, గుడ్డలు విప్పి, పెట్టె మీద పడుకోబెట్టింది. “ఇక్కడుంటే తగ్గిపోతుంది, ఆసుపత్రికి రేపు వెళతాం” అంది.

రేపు! లేచి నిలబడ్డాను. నా గొంతు నీకు తెలుసుగా, ఇంజను కూడా వినిపించలేదు. “బిడ్డను తియ్యమ్మా! ఈ బస్సులోనే ఆసుపత్రికి తీసుకుపో. అందులో గ్రంథాలు లేవు. మా అమ్మ ఉంది” అన్నాను.

బస్సు ఆగింది. అందరూ ఒక్కసారే మీద పడ్డారు.

“శవాన్ని పక్కన పెట్టుకుని మాచేత ఆమేన్ అనిపించావా?”

“అందుకే బ్రేకు పోయింది!”

“పెద్ద త్యాగి! కాఫీలో చక్కెర కూడా కలిపించుకున్నాడు!”

లంబోక్ మాత్రం స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. “అయ్యగారూ, బాంకోలో చెప్పుంటే ఎక్కించుకునేవాణ్ణి కాదు. అసలు చెప్పకపోతే మీ గుమ్మం దాకా తెచ్చేవాణ్ణి. ఇప్పుడు చెప్పారు. నన్నేం చెయ్యమంటారు?” అన్నాడు.

ఓడలో నిద్రపోతూ పట్టుబడిన యోనా ఏమన్నాడో అదే అన్నాను. దింపెయ్యమన్నాను. ఇక్కడ దింపారు. పసివాడితో బస్సు పంగురురాన్ ఆసుపత్రివైపు దిగిపోయింది. మందార దండ బురదలో పడి ఉంది.

కింద తోబా సరస్సు. అందులో మన సమోసిర్ నీళ్ళలో పడుకున్న దున్నలా కనిపిస్తోంది. కూరగాయల లారీ అబ్బాయితో ఈ ఉత్తరం పంపుతున్నాను. తెల్లవారాక అమ్మను నెత్తిన పెట్టుకుని నడిచి దిగుతాను.

అక్కా, నన్ను కొరుకుతున్నది బస్సువాళ్ళ తిట్లు కాదు. అమ్మ ఒట్టు నీచేత వేయించుకుంది. నాతో ఒకే కప్పు కింద ఉండి, నన్నెందుకు అడగలేదు? అడిగితే వచనం చదువుతానని భయపడింది. కన్నకొడుకును చూసి భయపడి ఆ కోరిక నీ దగ్గర దాచుకుని, నా ఇంట్లో నోరెత్తకుండా చచ్చిపోయింది. దీనికి ప్రాయశ్చిత్తం ఏ పుటలో ఉందో వెతుక్కుందామంటే, చేతిలో గ్రంథం లేదు.

తుంపల్


పంగురురాన్

నా ప్రియమైన తమ్ముడూ,

దిగకు. అక్కడే ఉండు. చదువు.

అమ్మ నన్ను ఏ ఒట్టూ అడగలేదు.

ఆ చివరిసారి వచ్చింది, చేపల పులుసు తింది, అందలిమన్ మిరియాల కారం ఎక్కువైందని వంక పెట్టింది, సరస్సు గాలికి నడవాలో పడుకుంది. అంతేరా. నాన్న పక్క అనలేదు, ఎముకలనలేదు. నీ గురించి మాత్రం, “వాడు అరుస్తాడు గానీ రాత్రిళ్ళు లేచి నా దుప్పటి సర్దుతాడు” అని నవ్వింది. నిన్ను చూసి భయపడలేదు. ఆ ఒక్క ముక్క కోసమే ఇది రాస్తున్నాను. లేకపోతే చచ్చేదాకా చెప్పేదాన్ని కాదు.

ఒట్టు నేను అల్లాను. రమ్మని ఎన్ని ఉత్తరాలు రాశాను? నువ్వు ప్రతిదానికీ వచనాలు పంపావు. అక్క పిలిస్తే రాడు, లేఖనం పిలిస్తే వస్తాడు అనుకున్నాను. మీ బావ గ్రంథం తీసుకుని ఎముకలన్న మాట కోసం మొదటినుంచీ వెతికాను. నా చదువు నీకు తెలుసుగా, వానాకాలమంతా పట్టింది. యోసేపు దొరికాడు. నాకు అమ్మను నెత్తిన మొయ్యాలని ఉంది, కూతురి హక్కు అది. కానీ అంతకంటే నువ్వు కావాలి. మేనమామ కూడా పోతే, నన్ను చిన్నప్పటి పేరుతో పిలిచేవాడివి నువ్వొక్కడివే మిగులుతావు.

నిన్ను నోరు మూసుకుని రమ్మన్నది ఎందుకో ఇప్పుడు తెలిసిందా? నువ్వు నీ అబద్ధం విప్పుతుంటే నా అబద్ధం వణికింది.

పసివాడు ఆసుపత్రిలో ఉన్నాడు, సెలైను ఎక్కిస్తున్నారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారట.

ఇక నీ ఇష్టం. ఒట్టు లేదు కనుక నిన్ను కట్టేదేమీ లేదు. అమ్మను తిరిగి బాంకోకు తీసుకుపోతానంటే దక్షిణం బస్సు ఆ పాక ముందే ఆగుతుంది. నేను ఈ చీటీ లారీకిచ్చి, నా చేత్తో నేసిన ఉలోస్ భుజాన వేసుకుని, నడిచి బయలుదేరుతున్నాను. పైకి వచ్చేసరికి నువ్వు లేకపోతే, తప్పు నాదేనని దిగిపోతాను.

అక్క


తెలె

అక్కా,

ఈ చీటీ తెచ్చే లారీ నీకు మలుపుల్లో ఎక్కడో ఎదురవుతుంది. ఆగి చదువు, నడుస్తూ చదవకు.

కోపం వచ్చింది. పెట్టె ఎత్తుకుని దక్షిణం బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. నీ మొహాన కొట్టడానికి ఒక వచనం వెతికాను. అబద్ధికుల గురించి కనీసం పాతిక తెలుసు నాకు. ఒక్కటీ నీ మీదికి పోలేదు. వచ్చినవల్లా నా మీదే తిరిగాయి. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. కాఫీ పాక ఆమె, “ఎక్కవేం?” అంది. “మా అక్క వస్తోంది” అన్నాను.

తిరిగి వెళ్ళేటప్పుడు సిదెంపువాన్‌లో దిగుతాను. హొత్మినా జైలు గుమ్మం దగ్గరికి వస్తుంది, అక్కడే చెబుతాను. గ్రంథం విసిరికొడితే కొట్టనీ. ఆమె దాన్ని ఉంచుకున్నా, ఆ పొగడ్త మాత్రం నేను వెనక్కి ఇచ్చెయ్యాలి.

లారీ అబ్బాయితో మేనమామకు కబురు పంపు, చెల్లెలు తెలె దాకా వచ్చిందని.

అందలిమన్ ఎక్కువైందని నీతో అందా అమ్మ? ఇంటికొచ్చి నాతో, మీ అక్క చేతి పులుసు చప్పగా ఉందిరా అంది.

మెల్లగా ఎక్కు. మేమిద్దరం ఇక్కడే ఉన్నాం.

తుంపల్