ఉత్తరాల పెట్టె కుప్పమ్మకే

ఈ కాగితం రాయకుండానే పోదామనుకున్నాను. పోయేవాడికి పెట్టెతో ఏం పని, తాళంతో ఏం పని? కానీ మొన్న మా అబ్బాయి ధనశేఖర్ ఉత్తరాలన్నిటికీ లామినేషన్ చేయిస్తానన్నాడు. అప్పట్నుంచి కంటికి కునుకు లేదు.

నగరి కాపురస్తుడను, మగ్గం దిగిన మునిరామయ్య అను నేను, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా. స్థిమితం బుద్ధికే, కాళ్లకు లేదు. నాలుగు ముక్కలు రాయడం, లేచి పెట్టె చూసి రావడం.

1. నా తదనంతరం ఇల్లు, మగ్గాల షెడ్డు ధనశేఖర్‌కు. ఇందులో తగాదా లేదు.

2. మిత్రుడు వెంకటమునికి నా బంక సీసా. తిరుపతి సభలో చూపించి ఇస్తానని ఒక నవలాకారుడి ఉత్తరం పట్టుకెళ్లి, అట్టకు అంటించి తెచ్చాడు. వెనకవైపు రాసింది ఇప్పటికీ ఆ అట్టే చదువుకుంటోంది.

3. మనవరాలు తేజస్వినికి భూతద్దం. అవ్వకు ఉత్తరాలు చదివి వినిపించే పని దానిదే. అవ్వ కునికినా ఆపకూడదు.

4. నా స్వార్జితమైన ఉత్తరాల పెట్టె. పాతకాలపు కవులు, కథకులు చేత్తో రాసినవి. వాళ్ల వారసుల అటకల మీదినుంచి, చిత్తుకాగితాల కొట్లనుంచి బతిమాలి తెచ్చినవి. ఒకాయన పద్యం కన్నా పప్పు గురించే బాగా రాశాడు, అది వేరే సంగతి. ఈ పెట్టె సర్వహక్కులతో నా భార్య కుప్పమ్మకు.

చదువురాని మనిషికెందుకంటారు. మా వైపు చావు కబురు తెచ్చిన ఉత్తరాన్ని గడప దాటనివ్వరు, బయటే చదివి చింపేస్తారు. గూడూరు కవిగారు తన భార్య పోయిందని నాకు కార్డు రాశారు. పోస్టుమాన్ నోట సంగతి వినగానే కుప్పమ్మ దాన్ని వాకిట్లోనే చింపింది. ఆయన చేతిరాత నాకు వచ్చింది అదొక్కటే. చాలాకాలం ఆమెతో ముక్తసరిగానే ఉన్నాను. చివరికి ఆమే అన్నది: "నీకది వట్టి కాయితమయ్యా. దాన్ని లోపలికి రానిచ్చుంటే ఈడ నువ్వు మిగిలేవాడివా?"

అంటించినవాడూ, లామినేషన్ అన్నవాడూ కాగితాన్నే చూశారు. ఉత్తరం ఏమైనా చేయగలదని భయపడింది ఆమె ఒక్కతే.

5. పెట్టె అడుగున కట్ట కట్టినవి చావు కబురు ఉత్తరాలు. ఆమెకు తెలియదు. తేజస్విని వాటిని చదవకూడదు. ఈ క్లాజు కూడా కుప్పమ్మకు చదివి వినిపించకూడదు.

నగరి, 14-11-2024.
(సంతకం) మునిరామయ్య
సాక్షులు: పక్కింటి ధనంజయ, నూలు కొట్టు యువరాజ్

అమలు జరిపేవారికి గమనిక: సంతకాలయ్యాక కుప్పమ్మ వచ్చి, ఇది చావు సంగతి కాగితమేనా అని ధనంజయను అడిగింది. అవునన్నాడు. కింది కుడి మూల చింపి వాకిట్లో పడేసి, మిగతాది నా చేతికిచ్చింది. చింపిన చోట రాత ఏమీ లేదు.