తాడెయ్యండర్రా

జూన్ 9, ఆదివారం
వేట నిషేధం ఇంకా ఐదు రోజులు. వలలు బాగుచేసీ చేసీ విసుగెత్తిన నాన్నను సినిమాకి లాక్కెళ్లాను. యుద్ధం సినిమా. హాలు కిటకిట. శత్రువుల ఓడ పేలింది, మనుషులు నీళ్లలో పడ్డారు. ఒకటే ఈలలు. నేనూ వేశాను, అబద్ధమెందుకు... అంతలో నాన్న సీట్లోంచి లేచి నిలబడ్డాడు.
"తాడెయ్యండర్రా! మునిగిపోతన్నారు!"
హాలంతా గొల్లున నవ్వింది. వెనక ఎవడో — "ఏటి బావా, ఆల్ల మనిసివా?"
చెయ్యి పట్టి లాగాను. "కూకో నాన్నా, పరువు పోతంది."
కూర్చున్నాడు. మళ్లీ తెర వైపు చూడలేదు.

జూన్ 10
నేను వడ్డిస్తే ఆకలి లేదట. అమ్మ వడ్డిస్తే తింటున్నాడు.

జూన్ 11
అమ్మ ఎండు చేపల గంప దించుతూ అంది — "నీటిలో మనిసుంటే వల కోసేసైనా ఎల్లాల. ఎవుల పడవని అడగకూడదు. మీ సిన్నాన్న తెప్ప బోల్తా పడ్డప్పుడు మీ నాన్న తాడిసిరాడు. అందలేదే..."
ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 12
ద్వారకా నగర్ ట్యూషన్ సెంటర్లో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను, మనసు మాత్రం ఆ సినిమాలోనే. హీరో స్నేహితుడు చచ్చిపోయే ముందు వాడి పెళ్లాం ఫొటో చూపించారు, వాళ్లమ్మ ఉత్తరం చదివించారు. వాడికి ఆవకాయ ఇష్టమని కూడా తెలుసు నాకు. అందుకే వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఓడలోవాళ్లకి పేరైనా పెట్టలేదు. పేరు లేనివాడు మునిగితే ఈల వేస్తామన్నమాట. నాన్న పేర్లు చూడలేదు, నీళ్లు చూశాడు.

జూన్ 13
క్లాసు ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్లాను, ఒక్కదాన్నే. ఆ నీళ్ల కోసమే. కుడివైపు మూల ఒకడు చెయ్యెత్తాడు. ఒక్క క్షణం. వెంటనే హీరో నవ్వు. చుట్టూ ఈలలు.

జూన్ 14
రేపటి నుంచి వేట. సాయంత్రం ఒడ్డున నాన్న పడవలో తాళ్లు సర్దుతున్నాడు. పక్కన కూర్చున్నాను.
"తప్పైపోయింది నాన్నా. మల్లీ ఎల్లి సూసేను, ఆ సినిమా."
ముడి బిగించాడు. ఐదు రోజులకి నాతో నోరు విప్పాడు.
"ఆ మూల సెయ్యెత్తినోడు... ఆడ్నెవులైనా తీసేరేటి, పాపా?"
చెయ్యి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.
తీశారంటే రేపు కుదురుగా వేటకి వెళ్తాడు. తియ్యలేదంటే... లేచి ఇంటికి వచ్చేశాను. పడవ కదిలేలోగా ఏదో ఒకటి చెప్పాలి.